ఆలస్యంగా పడిన మడమ

ఆ ఏడు హాలోవీన్ ముసుగుల పండగకు పాటలు పెట్టే పని నాకు అప్పజెప్పారు. నాకేదో పాటలు తెలుసని కాదు. నన్ను వంటగదిలోంచి బయటికి పంపడానికి.

సెప్టెంబరు రెండో మంగళవారం. మా ఊరి ఫైర్ హాల్లో, మంటలార్పే ఎర్ర బండి నిలబెట్టే చోటికి పక్క గదిలో, ఆడవాళ్ళ సంఘం కూర్చుంది. సంఘానికి పెద్ద ఓల్గా సెమన్కో. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఎవరికి ఏ పనో కాగితం చూసి చదువుతోంది. పదిహేడేళ్ళుగా ఆ పండక్కి క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఉడకబెట్టేది నేనే. నా పేరు వంటగది దగ్గరే వస్తుందని, చదవకముందే తలూపడానికి సిద్ధంగా ఉన్నాను.

“వంటగది, లాటీ, మార్గిట్. బల్లలూ గుమ్మడికాయలూ చర్చి పిల్లలు. పాటలు, వెర్నా.”

“పాటలా? నేనా?” అన్నాను. “మరి క్యాబేజీ ఎవరు చుడతారు?”

ఓల్గా కాగితం మీంచి తల ఎత్తలేదు. “అందరి కోట్లూ చేతిసంచులూ వంటగదిలోనే పెడతాం కదా వెర్నా. ఈసారి జనం నిశ్చింతగా ఉండాలని నా తాపత్రయం. పాటల దగ్గర పోయేదేముంది చెప్పు?”

ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, నవ్వినవాళ్ళతో దెబ్బలాడేదాన్ని. అందరూ ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకున్నారు. లాటీ, ముప్పై ఏళ్ళుగా నా స్నేహితురాలు, అది కూడా.

“సరే” అన్నాను. గోరువెచ్చటి పాలలో చుక్క మజ్జిగ పడ్డట్టు పడింది ఆ మాట నాలో. తెల్లారేసరికి పగ గట్టిగా తోడుకుంది.

ఆగస్టులో జరిగింది చెబితే గాని ఇది అర్థం కాదు. మా అమ్మాయి కొరిన్‌కు అప్పుడు పదిహేడేళ్ళు. వేసవి సెలవుల్లో ఓల్గా ఇంట్లో, మంచం పట్టిన ఆవిడ తల్లిని చూసుకునే పనికి కుదిరింది. నేను వద్దన్నాను. నువ్వు లేపబోతే ముసలావిడ జారి పడుతుంది, నీ మీదికొస్తుంది, మందు ఒకసారికి రెండుసార్లు వేస్తావు, జైల్లో పెడతారు అన్నాను. “ఆవిడకు మందుకన్నా రేడియో ముఖ్యం అమ్మా” అని నవ్వింది కొరిన్. ఆ తరవాత ఆ ఇంటి సంగతులు నా దగ్గర ఎత్తడం మానేసింది. ఏం చెప్పినా అందులోంచి నేను ఒక చావును బయటికి లాగుతానని దానికి తెలుసు.

ఆగస్టు నడిమికి ముసలావిడ నిద్రలోనే పోయింది. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు ఆవిడ చెవులకు ఎర్రరాళ్ళ పోగులు పెట్టాలని ఓల్గా వెతికింది. అవి లేవు. సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఇదే ఫైర్ హాల్లో భోజనాలు. ఊరంతా చేతుల్లో పళ్ళాలతో నిలబడి ఉండగా ఓల్గా మా అమ్మాయిని దగ్గరికి పిలిచింది.

“ఆ గదిలో తిరిగింది నువ్వూ నేనూ. నేను తియ్యలేదు.”

“నేనూ తియ్యలేదు మిసెస్ సెమన్కో.”

“అయితే వాటికి కాళ్ళొచ్చాయి కాబోలు.”

అంతే. పోలీసులు లేరు, కేకలు లేవు. ఓల్గా వెళ్ళి ఇంకెవరికో కాఫీ పోసింది. వారం తిరగకుండా కొట్టువాడు మా పిల్ల వెనకాలే సబ్బుల వరస దాకా రావడం మొదలుపెట్టాడు. పసిపిల్లల్ని చూసిపెట్టమని పిలిచే రెండిళ్ళవాళ్ళూ పిలవడం మానేశారు. చర్చిలో పక్కన కూర్చున్న ఆవిడ చేతిసంచి ఒడిలోకి లాక్కుంది. ప్రార్థనలో కళ్ళు మూసుకునే లాక్కుంది, అలవాటుగా.

ఇక్కడ నేను ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. ఆ భోజనాల నుంచి అందరికన్నా ముందు ఇంటికి పరిగెత్తింది నేనే. కోటు విప్పకుండా మేడెక్కి కూతురి సొరుగులు లాగాను. తీసిందని కాదు. తీసి ఉంటేనో అని. నా బుర్ర పుట్టుకే అంత, ఎవరైనా తుమ్మితే ఊపిరితిత్తుల జబ్బు దాకా పోతుంది. దొరికితే తీసుకెళ్ళి నదిలో పారేద్దాం, పిల్లను కాపాడుకుందాం అనుకున్నాను. మూడో సొరుగులో చేతులుండగా ఎందుకో తలెత్తాను. కొరిన్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. లోపలికొచ్చి, నాకందని పై అరలో ఉన్న అట్టపెట్టె దించి, మూత తీసి నా ముందు పెట్టింది.

“ఇది కూడా చూడు” అంది.

ఆ రోజు తరవాత స్కూలుకు తప్ప గడప దాటలేదు. మెట్లు దిగడమంటే గెంతడమే తెలిసిన పిల్ల, గోడ పట్టుకుని దిగేది. పిలిస్తే పలికేది, అడిగితే తినేది. ఒక్కోరోజు బడి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే వంతెన మీంచి నీళ్ళలోకి చూసుకుంటూ నిలబడ్డ కొరిన్ నాకు కళ్ళ ముందు కనబడేది. నా పిల్ల మళ్ళీ నలుగురిలోకి తలెత్తి వెళ్ళగలదా, లేక మేడ మీద గదిలోనే ముసలిదైపోతుందా, ఆ ఆకురాలు కాలమంతా నాకున్న దిగులు అదొక్కటే. ఓల్గా మీద నా పగలో ఓల్గా వంతు ఎంతో, ఆ మూడో సొరుగు వంతు ఎంతో నేను విడదీసి చూసుకోలేదు. చూసుకునే ధైర్యం ఉంటే పగే అక్కర్లేకపోయేది.

* * *

మా ఊరి ముసుగుల పండగ పిల్లల వేడుక కాదు. పిల్లలు ఒక గంట తిరిగి మిఠాయిలు తీసుకుని ఓ పక్క కూర్చుంటారు, అసలు ఆట పెద్దవాళ్ళది. ముసుగు వేసుకున్నవాళ్ళు నోరు విప్పకూడదు. వేసుకోనివాళ్ళు వాళ్ళెవరో కనిపెట్టాలి. భుజం మీద చెయ్యి వేసి పూర్తి పేరు గట్టిగా పిలవాలి. నిజమైతే ముసుగు తీస్తారు, కాకపోతే తల అడ్డంగా ఊపుతారు. ఒక్కొక్కరికి సాయంత్రమంతటికీ ఒక్కటే పిలుపు. తప్పు పిలిస్తే ఇక నోరు మూసుకు కూర్చోవాలి. ముసుగు మీద చెయ్యి వెయ్యడం మహాపాపం. చివరిదాకా ఎవరికీ చిక్కనివాళ్ళకు పొగపెట్టిన పంది తొడ బహుమతి.

ఓల్గా పన్నెండేళ్ళుగా చిక్కలేదు. ఒక ఏడు గుండ్రటి పీపాలో వచ్చింది. ఒక ఏడు కుంటి బిచ్చగాడిలా వచ్చి సొంత మొగుడి దగ్గరే సైగలతో సిగరెట్టు అడుక్కుంది. ఆ పంది తొడను ఆవిడ తిననే తినదు, మర్నాడు చర్చి మెట్ల మీద అందరూ చూస్తుండగా ఫాదర్‌కు దానమిస్తుంది. ఆవిడ గర్వమంతా ఆ మెట్ల మీదే.

అక్టోబరు మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం లాటీ రికార్డుల పెట్టె మోసుకుని మా ఇంటికి వచ్చింది. ఆ రోజు గోళ్ళు చూసుకున్నందుకు సిగ్గుపడుతోందని నాకు తెలుసు. నేను ఆ ఊసెత్తలేదు, అదీ ఎత్తలేదు. ముందుగదిలో నేల మీద కూర్చుని ఒక్కొక్కటే పెట్టి చూశాం.

పాటలు ఎంచడం నేననుకున్నంత తేలిక కాదు. కుర్రకారుకు పట్నంలో వాయించే చప్పుళ్ళు కావాలి. ముసలాళ్ళకు పోల్కా తప్ప మరొకటి కాలికి ఎక్కదు, పెళ్ళయినా పుట్టినరోజయినా మా వాళ్ళు గెంతేది దానికే. ఫాదర్ సైతాను పేరు వినబడే పాట ఒక్కటీ ఉండకూడదన్నాడు. గ్రంథాలయంలోంచి తెచ్చిన భయం రికార్డు ఒకటుంది. అందులో ఉరుములు, తోడేళ్ళ ఊళలు, ఇనప గొలుసులు, కిర్రుమనే తలుపు. దాన్ని పెట్టగానే నేను లేచి వీధి తలుపు గడియ చూసొచ్చాను.

“తలుపు కిర్రుమనడానికి రికార్డెందుకే?” అన్నాడు మా ఆయన ఎమిల్, పేపరు వెనక నుంచి. “మన మేడ మెట్లు పంపించు, ఊరంతా జడుసుకుంటుంది.”

“నూనె వెయ్యమని ఏడాది నుంచి మొత్తుకుంటున్నా. ఎవరో ఒకరు దాని మీంచి జారి మెడ విరగ్గొట్టుకునే దాకా వెయ్యవు.”

“కిర్రుమంటే జారరు వెర్నా. నూనె వేస్తేనే జారతారు.”

లాటీ నవ్వుతూ పెట్టె అడుగు నుంచి ఇంకొక రికార్డు తీసి, చూసి, విడిగా పెట్టేసింది. “ఇది మాత్రం వద్దు. ఓల్గా ఒప్పుకోదు.”

మా లోయలోని బ్యాండువాళ్ళే ఎప్పుడో చేయించిన రికార్డు అది. కుంటి మేక పోల్కా. దాని నడుమ రెండు మూడు చోట్ల బ్యాండు ఠక్కున ఆగుతుంది. ఆగినప్పుడు అందరూ రెండుసార్లు నేల తన్నాలి, వెంటనే మళ్ళీ ఎత్తుకుంటారు. మా పిల్లలు మాటలు రాకముందే ఆ రెండు తన్నులు నేర్చుకుంటారు.

“అంత మంచి పాట, ఎందుకు ఒప్పుకోదు?”

లాటీ గొంతు తగ్గించింది. “ఏ పెళ్ళిలోనూ ఆవిడ కాళ్ళు చూళ్ళేదా నువ్వు? రెండు తన్నులు అందరూ తంతాం. ఆవిడ పుట్టింటివాళ్ళకు మూడోది ఒకటుంది. పాట మళ్ళీ ఎత్తుకున్నాక, ఆలస్యంగా, మడమతో ఒక దెబ్బ. వాళ్ళమ్మ వేసేది, ఈవిడ వేస్తుంది. ఇంకెవరికీ రాదు. నేను మా కొట్టంలో ఒక చలికాలమంతా ప్రయత్నించాను, ఒకటే ముందు పడుతుంది, లేకపోతే కిందే పడతాను. ఓల్గా ఆపుకోలేదే దాన్ని. తుమ్ము ఎలాగో అదీ అలాగే. అందుకే పన్నెండేళ్ళుగా ఈ పాట ముసుగుల పండక్కి రాలేదు. పాటలు ఎవరు పెట్టినా ముందు తను పెట్టె వెతుకుతుంది.”

భయం రికార్డు తీసి దాని అట్టలో పెట్టబోయి, కుంటి మేకను ఆ అట్టలోకి తోశాను. లాటీ చూసింది.

“నీ మొహం బాలేదే వెర్నా” అంది.

“ఎలా ఉంది?”

“కత్తికి సాన పెడుతున్నట్టుంది.”

“నీకు క్యాబేజీ చుట్టడం రాదు. వెళ్ళి అది నేర్చుకో” అన్నాను.

లాటీ వెళ్ళాక నేను ఆ పాటను మూడుసార్లు విన్నాను, ఏ గీత దగ్గర ఆగుతుందో వేలితో గుర్తు పెట్టుకుంటూ. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని. దేన్నీ అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు. ఫ్యాక్టరీలో సూది దిగినప్పుడల్లా అనుకునేదాన్ని, హాలు నిండా జనం, ఆ మడమ పడుతుంది, నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి పేరు పెట్టి పిలుస్తాను. ఎవరి ముందు నా పిల్ల తల వంచిందో వాళ్ళ ముందే ఆవిడ ముసుగు తియ్యాలి. పిలుపు ఒక్కటే కదా, తప్పితేనో అని కూడా అనుకునేదాన్ని. కుట్టు రెండుసార్లు వంకర పోయింది. నన్ను పిలిచి చివాట్లు పెట్టారు. చివాట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

* * *

పండగ రోజు శనివారం. నాలుగింటికల్లా హాలుకు వెళ్ళాను. కొరిన్ తలనొప్పని పడుకుంది. రమ్మని నేనూ అడగలేదు, ఆ హాల్లోకి దాన్ని ఎలా రమ్మనను? ఎమిల్ బస్సుల షెడ్డులో పని చూసుకుని తరవాత వస్తానన్నాడు.

వేదిక మీద రికార్డు ప్లేయరు పక్కన ఒక బకెట్టు ఇసక, తడి గుడ్డ పెట్టుకున్నాను. వైరు దగ్గర నిప్పు రేగితేనో? ఫైర్ చీఫ్ స్టాన్లీ అది చూసి నడుం పట్టుకుని నవ్వాడు.

“వెర్నా, ఈ గోడకవతల నీళ్ళ బండి ఉంది తల్లీ. పదహారుమంది మనుషులం ఉన్నాం.”

“పదహారుమందీ ముసుగుల్లో ఉంటారుగా. ఎవరు నడుపుతారు దాన్ని?”

ఓల్గా ముసుగు వేసుకునే ముందు వచ్చి పెట్టె వెతికింది. అట్టలన్నీ తిరగేసింది. ఉరుములు, తోడేళ్ళు అని రాసున్న అట్ట దగ్గర వేలు కాసేపు ఆగింది.

“బాగానే ఎంచావు” అంది. మెచ్చుకోలులో కూడా పరీక్ష రాసినదానికి మార్కులు వేసినట్టుంటుంది ఆవిడ గొంతు.

“పోయేదేమీ లేదులే ఇక్కడ” అన్నాను.

ఓల్గా నా వైపు చూసి, ఏదో అనబోయి, వెళ్ళిపోయింది.

అయిదున్నరకు మొదలుపెట్టాం. చర్చి ఆర్గను మీద వాయించిన ఒక నెమ్మది పాట ముందు వేశాను, పిల్లలు దెయ్యాల్లా మంత్రగత్తెల్లా వరసగా నడిచారు. తరవాత కుర్రకారు చప్పుడు ఒకటి, ముసలాళ్ళకు రెండు పోల్కాలు. జనం వేడెక్కారు. ముసుగులు ఒక్కొక్కటే రాలాయి. మార్గిట్ మొగుణ్ణి దగ్గుతో పట్టేశారు. ఎలుగుబంటిలో ఇరుక్కున్న మందుల కొట్టాయన, పేరు పిలిచినా బయటికి రాలేక, బొత్తాలు విప్పమని సైగలు చేశాడు. ఏడింటికి నలుగురే మిగిలారు. తల లేని ఒక మొండెం, ఒక కోడి, నెత్తి నుంచి పాదాల దాకా ఒక తెల్లటి దుప్పటి కప్పుకుని కళ్ళకు రెండు చిల్లులు పెట్టుకున్న దెయ్యం, ఒక గడ్డి బొమ్మ.

దుప్పటి దెయ్యాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. అది అయిదేళ్ళ పిల్లాడి వేషం. ఓల్గా అంత చవక వేషం చచ్చినా వెయ్యదు. గడ్డి బొమ్మ మాత్రం అచ్చం ఆవిడ ఎత్తు. దిండ్లు కుక్కుకున్న ఒళ్ళు, మోకాళ్ళ దాకా మగవాడి బూట్లు, మొహానికి గోనెసంచి, మెడ దగ్గర తాడు. ఎవరు దగ్గరికొచ్చినా మెల్లగా పక్కకు తప్పుకుంటోంది, పన్నెండేళ్ళ ఆరితేరినదానిలా. పాట మారినప్పుడల్లా ముందు గోడ దగ్గరికి వెళ్ళి, తరవాత ఆగలేనట్టు మళ్ళీ నడిమికి వస్తోంది.

తోడేళ్ళ అట్టలోంచి కుంటి మేకను తీశాను. తొందరలో ముల్లు ఒకసారి కీచుమంది.

మొదటి మూడు నాలుగు వాయింపులకే హాలంతా కేరింతలు కొట్టింది. ముసుగు తీసినవాళ్ళు, తియ్యనివాళ్ళు, గోడ దగ్గర నిలబడ్డ ఒకరిద్దరు తప్ప అందరూ నడిమికి దూకారు. నేను వేదిక మెట్లు దిగి వాళ్ళ పక్కన నిలబడ్డాను, కింద కాళ్ళు తప్ప ఇంకేమీ చూడకుండా. బ్యాండు ఆగింది. వంద కాళ్ళు రెండుసార్లు నేల తన్నాయి. పాట ఎత్తుకుంది.

అప్పుడు పడింది మడమ. తేలిగ్గా, ఆలస్యంగా, ఒక్క దెబ్బ. గడ్డి బొమ్మ బూటు.

నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి భుజం పట్టుకున్నాను. “ఓల్గా సెమన్కో!” అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు.

గడ్డి బొమ్మ తల అడ్డంగా ఊపింది.

“అబద్ధం” అన్నాను. “నీ కాలే చెప్పింది.”

మళ్ళీ అడ్డంగా ఊపింది, ఈసారి గట్టిగా, రెండడుగులు వెనక్కి వేస్తూ. నేను నమ్మలేదు. ఎవరో వద్దు వెర్నా అంటున్నారు. తాడు పట్టుకుని సంచి లాగేశాను.

సంచి కింద కొరిన్. చెమటకు నుదుటి మీద గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి.

ఊళ్ళో అందరూ ఉన్నారక్కడ. పాట మోగుతూనే ఉంది, ఆపవలసినదాన్ని నేనే కదా, నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. వెనకనుంచి ఎవరో వంటగది తలుపు వైపు, కోట్ల వైపు చూడటం చూశాను. పిల్ల పరిగెత్తి బయటికి పోతుందనుకున్నాను. చీకట్లో రోడ్డు మీదికి పోతుంది, బొగ్గు లారీ వస్తుంది. ఆ లారీ దీపాలు కూడా కనబడ్డాయి నాకు.

అది పరిగెత్తలేదు. ఉన్నచోటే నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, పాట వింటోంది. బ్యాండు రెండోసారి ఆగింది. కొరిన్ రెండుసార్లు తన్నింది. పాట ఎత్తుకున్నాక మడమతో మూడోది వేసింది. ఇంకెవరి కాలూ కదల్లేదు. హాలంతటిలో అదొక్కటే చప్పుడు.

గోడ దగ్గర్నుంచి దుప్పటి దెయ్యం కదిలింది. జనం తొలిగారు. నెమ్మదిగా వచ్చి మా అమ్మాయికి ఎదురుగా నిలబడింది. బ్యాండు మూడోసారి ఆగింది. ఇద్దరూ తన్నారు, ఒకటి, రెండు. పాట ఎత్తుకుంది. ఇద్దరి మడమలూ ఒక్కసారే పడ్డాయి, ఒకే ఆలస్యంతో, ఒకే మనిషి కాళ్ళన్నట్టు.

ఇక దుప్పటిలో ఎవరో తెలియనివాళ్ళు లేరు. లాటీ పిలుపు మిగిలే ఉంది. చీఫ్ పిలుపు మిగిలే ఉంది. ఒక్కరూ పిలవలేదు. అందరూ చూస్తున్నారు. దుప్పటిలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి అంచు పట్టుకుంది. మెల్లగా పైకి లేస్తోంది.

నా పిలుపు అయిపోయింది. రూలు ప్రకారం ఆ సాయంత్రానికి నాకు నోరు లేదు.

“ఓల్గా సెమన్కో!” అని పిలిచాను.

చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఒక క్షణం తరవాత దుప్పటి ఒక్క గుంజుతో కిందికి వచ్చింది. జుట్టంతా నుదుటికి అతుక్కుపోయిన ఓల్గా. ఆవిడ పెదవులు తెరిచే ఉన్నాయి, మూసుకున్నాయి.

“నీ పిలుపు ఇందాకే అయిపోయిందే” అంది నాతో, మెల్లగా.

అంతలోకే చీఫ్ “పన్నెండేళ్ళు! పన్నెండేళ్ళకు పడిందిరా!” అని అరిచాడు. నవ్వులు, ఈలలు, చప్పట్లు. ఎవరో బల్ల మీద గరిటెతో కొట్టారు. అంతా మళ్ళీ ఆటైపోయింది. ఓల్గా దుప్పటి మడత పెట్టింది, పెళ్ళివారి ఇంట్లో మడత పెట్టినట్టు అంచుకు అంచు కలిపి. వంటగదిలోకి వెళ్ళి కోటు తెచ్చుకుని వెళ్ళిపోయింది. తరవాత మొండెమూ చిక్కింది, కోడి వేషం వేసినవాడికి పంది తొడ ఇచ్చారు.

నిజం చెప్పాలంటే నాకు చాలా బాగుంది. పాట ఇంకా సగం మిగిలి ఉంది, ఆ సగం అయ్యేదాకా బాగుంది.

కొరిన్ వెంటనే ఇంటికి పోలేదు. లాటీ చెయ్యి పట్టుకుని దాన్ని ఆటలోకి లాగింది, తరవాత లాటీ కొడుకు, తరవాత చీఫ్. ఆ మడమ దెబ్బ మాకూ నేర్పమని ఆడపిల్లలు చుట్టూ మూగారు. చివరి పాట దాకా ఆడింది. నేను రికార్డులు మార్చుతూ కూర్చున్నాను, అది ఒక్కసారీ వేదిక వైపు చూడలేదు. ఎమిల్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“దిండ్లు నేనే కుక్కాను” అన్నాడు. “బూట్లు నావే. గుర్తుపట్టలేదా?”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెబితే రానిచ్చేదానివా? ఎవరూ చూడకుండా ఒక్క సాయంత్రం జనంలో తిరిగొస్తాను నాన్నా అంది. అంతే అడిగింది.”

* * *

ఆ చెవిపోగులు ఇప్పటికీ దొరకలేదు. అవి ఏమయ్యాయో నాకు తెలియదు, ఓల్గాకూ తెలియదు. కాని ఆ పండగ తరవాత కొట్టువాడు సబ్బుల దాకా రావడం మానేశాడు. ఎవరూ ఏమీ రుజువు చెయ్యలేదు. ముసలావిడ తన సొంత కూతురికి తప్ప ఎవరికీ ఇవ్వనిది మా పిల్ల కాలిలో ఉంది. మా ఊరివాళ్ళకు అది చాలింది. ఓల్గా మాత్రం మా పిల్లతో గాని నాతో గాని ఆ సంగతి ఎత్తలేదు. మరుసటి ఏడు కాగితం చదివేటప్పుడు నా పేరు వంటగది దగ్గరే చదివింది, తల ఎత్తకుండా.

పండగ మర్నాడు పొద్దున, చర్చికి వెళ్ళబోయే ముందు, కొరిన్ వంటగదిలో నిలబడి రొట్టె తింటోంది. నేను కాఫీ కాస్తున్నాను. రెండు నెలల తరవాత ముందుగా అదే మాట్లాడింది.

“ముసలావిడ జూలైలో నేర్పింది. మంచం దిగలేదు కదా, నన్ను నేల మీద నిలబెట్టి, తను మంచం చెక్క మీద చేత్తో కొట్టేది. తప్పు పడితే నా మీదికి చెప్పు విసిరేది.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“చెబితే కాలు విరుగుతుంది అనేదానివి.”

నిజమే. అనేదాన్ని.

కొరిన్ చేతులు దులుపుకుంది. “నిన్న మిసెస్ సెమన్కో చెయ్యి దుప్పటి మీదికి వెళ్తోంది. నువ్వు చూశావా?”

“చూశాను.”

“తనే తీసేది అమ్మా. తీసి ఏదో అనబోయింది. అందరి ముందూ. నువ్వు ఒక్క నిమిషం ఆగి ఉంటే.”

“తెలుసు” అన్నాను.

“తెలిసే పిలిచావా?”

పొయ్యి మీద కాఫీ పొంగుతోంది. కట్టెయ్యడానికి నేను వెనక్కి తిరగలేదు.

“తెలిసే.”

అది నన్ను చాలాసేపు చూసింది. కోపంగా కాదు. కొత్తగా ఎదురింట్లోకి దిగినవాళ్ళను చూసినట్టు. తరవాత మేకు మీంచి కోటు తీసుకుంది.

“ఎక్కడికి?” అన్నాను.

“బయటికి.”

“చర్చి వేళైంది. మంచు పడేలా ఉంది. ఎప్పుడొస్తావు?”

“చెప్పను” అంది కొరిన్, బొత్తాలు పెట్టుకుంటూ. వాకిలి మెట్లు గెంతుతూ దిగి వెళ్ళిపోయింది.